సర్వర్ నిధి: 2024-25 జమా ఖర్చుల వివరణ

గ్రంథాలయ సభ్యులకు, దాతలకు నమస్కారం. పాత పత్రికల స్కాన్లు దాచే సర్వర్ల కోసం మీ దగ్గర వసూలు చేసిన డబ్బుకు 31-3-2025 నాటి లెక్క ఇది.

జమ
పాత నిల్వ: రూ. 41,300
212 మంది చందా, తలా 1,250: రూ. 2,65,000
పాత స్కానర్ అమ్మకం: రూ. 6,500
మొత్తం: రూ. 3,12,800

విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు ఇద్దరు డబ్బు పంపుతామన్నారు. మనకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు లేదు కాబట్టి వద్దని చెప్పాం.

ఖర్చు
సెకండ్ హ్యాండ్ సర్వర్లు మూడు: రూ. 1,14,000
4 టీబీ హార్డ్ డిస్కులు తొమ్మిది: రూ. 94,500
బూట్ ఎస్ఎస్‌డీలు (ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే డిస్కులు) ఆరు: రూ. 15,600
నెట్‌వర్క్ స్విచ్, కార్డులు, కేబుళ్లు: రూ. 31,200
యూపీఎస్, బ్యాటరీలు: రూ. 28,400
కరెంటు పని: రూ. 7,350
ఆటో, టీలు: రూ. 1,870 (ఇందులో 220కి రసీదు లేదు)
ఆపరేటింగ్ సిస్టమ్: రూ. 0
మొత్తం: రూ. 2,92,920

పైసా ఖర్చు లేని ఆ ఆఖరి పద్దు మీదే రెండు మీటింగులు నడిచాయి. కారణం పాతది. 2021-22 లెక్కల్లో "సర్వర్ మరమ్మతు 18,000" అని రాశాం. నిజానికి అది మరమ్మతు కాదు. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని నమ్మి సెంటాస్ 8 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాం. 2020 డిసెంబరులో ఆ గడువును 2021 ఆఖరుకి కుదించారు. దాంతో ఉన్న డేటా అంతా దించి, వేరే సిస్టమ్ ఎక్కించి, మళ్లీ నింపడానికి అయిన కూలి అది. అప్పుడే సరిగ్గా రాయాల్సింది.

అందుకే ఈసారి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు మూడింటికి ముందు అప్‌డేట్ల గడువులే చూశాం. డెబియన్ 12 ఎల్‌టీఎస్ (పొడిగించిన సపోర్టు)తో కలిపి 2028 జూన్ వరకు, ఉబుంటు 24.04 మామూలు సపోర్టు 2029 వరకు, ఆల్మాలైనక్స్ 9 భద్రతా అప్‌డేట్లు 2032 మే వరకు. ఉబుంటు ప్రో అనే అదనపు సపోర్టు తీసుకుంటే ఇంకా ఎక్కువ కాలం వస్తుంది గానీ, ఉచితం సొంత వాడకానికే, అదీ అయిదు మెషీన్ల వరకే. సంస్థ పేరుతో అలా వాడుకోవడం మాకు నచ్చలేదు.

ఒక్క తేదీ చూసి తేల్చేయలేదు. మన సర్వర్లలో డిస్కులు తగిలించే కార్డు పాతది, ఎస్‌ఏఎస్2008 చిప్‌ది. ఆల్మాలైనక్స్‌కి మూలమైన రెడ్‌హ్యాట్ 9 వరసలో దానికి సపోర్టు లేదు. ఆల్మా వాళ్లు 9.4లో తిరిగి చేర్చారు. పెట్టి చూస్తే మూడు మెషీన్లలోనూ తొమ్మిది డిస్కులూ కనిపించాయి. అక్కడితో వాదన ఆగింది, ఆల్మాలైనక్స్ 9నే ఎంచుకున్నాం.

దాని పైన సెఫ్ (ఫైళ్లను అన్ని సర్వర్లలోనూ పంచి దాచే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. ప్రతి ఫైలూ మూడు కాపీలు కాబట్టి 36 టీబీ కొన్నా చేతికొచ్చేది 12. నిండుగా నింపకూడదు, పదితో ఆపుతాం. సెఫ్ వెర్షన్‌కి సపోర్టు సుమారు రెండేళ్లే ఉంటుంది. దాన్ని కంటైనర్లలో (కింది సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిచే పొట్లాలు) పెట్టాం కనుక కింది సిస్టమ్‌ని కదపకుండానే దాన్ని మార్చుకోవచ్చు. మార్చిలో సభ్యుల ముందే ఒక సర్వర్ ప్లగ్గు పీకాం. తెరిచి ఉన్న పేజీ ఆగలేదు, తర్వాతి పేజీకి మాత్రం కాసేపు పట్టింది.

ఒక సభ్యుడి అభ్యంతరం నమోదు చేస్తున్నాం: "మూడు మెషీన్లకి సెఫ్ ఎక్కువ. ఒకటి పోతే మూడో కాపీ పెట్టుకోవడానికి చోటుండదు." మాట నిజమే. నాలుగోదానికి డబ్బు లేదు.

చేతి నిల్వ రూ. 19,880. ఇందులో 10,500 స్పేర్ డిస్కుకి పక్కన పెట్టాం. వోచర్లు ఆదివారం ఉదయం గ్రంథాలయంలో చూడవచ్చు.

- కమిటీ