ఫ్రాంక్‌ఫర్ట్ వర్క్‌షాప్‌కు దారి చూపినవాళ్లకు కృతజ్ఞతలు

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, యూరో కరెన్సీ వ్యవహారాలు చూసే యూరోపియన్ సెంట్రల్ బ్యాంకులో జరిగిన వర్క్‌షాప్‌కు హైదరాబాద్, విశాఖ, తిరుపతి నుంచి వెళ్లిన మా బృందం క్షేమంగా తిరిగొచ్చింది. పేపర్లు రాసుకోవడం మా పనే అయినా, మమ్మల్ని ఆ గుమ్మం దాకా చేర్చింది వేరేవాళ్లు. పేర్లు పెట్టొద్దని అందరూ గట్టిగా చెప్పారు కాబట్టి వాళ్లు చేసిన పనులే రాస్తున్నాం. ఇకముందు వెళ్లేవాళ్లకు కూడా ఇవి అక్కరకొస్తాయి.

మొదటి నమస్కారం వీసా కాగితాలు చూసిపెట్టిన పెద్దాయనకు. అందరి పాస్‌పోర్టులూ, ఆహ్వాన పత్రాలూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూశారాయన. మన పేర్లతో వచ్చే తంటా అంతా ఇంతా కాదు. ఇంటిపేరు ముందుంటుంది, పెట్టిన పేరు తర్వాత వస్తుంది. రిజిస్ట్రేషన్ ఫారంలో సర్‌నేమ్ గడి కనబడగానే చాలామంది చివరి మాట, అంటే రావు అనో రెడ్డి అనో, నింపేస్తారు. పాస్‌పోర్టు తీస్తే అక్కడ సర్‌నేమ్‌గా ఇంటిపేరు ఉంటుంది. కొందరికి ఆ గడి ఖాళీగా ఉండి, పేరు మొత్తం గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. గేటు దగ్గరి సెక్యూరిటీవాళ్లు పాస్‌పోర్టులో ఉన్న సర్‌నేమ్ చూసి జాబితాలో వెతుకుతారు. కె అక్షరం కింద వెతికితే మనిషి ఆర్ అక్షరం కింద ఉంటాడు. అందుకే ఆహ్వానం, టికెట్, ఇన్సూరెన్స్, హోటల్ బుకింగ్, అన్నిటిలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే ఉండాలని, ఇనిషియల్ పనికిరాదని పట్టుబట్టారు. మాలో ఇద్దరి ఆహ్వాన పత్రాలు ఆయన మాట మీదే మళ్లీ తెప్పించుకున్నాం.

తేదీల విషయంలో కూడా ఆయన చూపే కాపాడింది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా వెళ్లే విమానం అర్ధరాత్రి దాటాక బయల్దేరుతుంది. టికెట్ మీద 12వ తేదీ అని ఉంటే 11వ తేదీ రాత్రే శంషాబాద్‌లో ఉండాలి. తిరుగు ప్రయాణంలోనూ ఎక్కిన రోజు ఒకటి, దిగే రోజు ఇంకొకటి కావచ్చు. ఇన్సూరెన్స్ ఒక రోజు తక్కువ తీసుకోవడం సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. షెంజెన్ వీసాకు (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా అది) కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి, అది షెంజెన్ దేశాలన్నిటికీ వర్తించాలి, ఉండే రోజులన్నీ అందులోకి రావాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై ఉండాలి, అక్కడి నుంచి బయల్దేరే రోజు తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. వీసా రుసుము 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం చార్జీలు అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది కానీ, 45 రోజుల దాకా సాగదీసే వీలు నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ఆహ్వానం చేతికి అందిన వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోవడం మంచిది.

సెంట్రల్ బ్యాంకు పిలిచింది కదా, వీసా నల్లేరు మీద నడకే అనుకుంటాం. కాన్సులేట్ చూసేది ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్నది. ఆహ్వాన పత్రంలో హోటల్ మాత్రమే నిర్వాహకులది అని ఉంటే, విమానం ఖర్చు, రోజువారీ ఖర్చు ఎవరివో మన యూనివర్సిటీ లేదా ఆఫీసు లేఖలో విడిగా రాయించాలి. రెండు లేఖలూ కలిపి చదివితే ఏ ఖర్చూ అనాథగా మిగలకూడదు. మా లేఖలను రెండుసార్లు తిరగరాసి ఇచ్చిన రిజిస్ట్రార్ ఆఫీసు మేడమ్‌గారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు.

ఇక ఫ్రాంక్‌ఫర్ట్. అక్కడ దగ్గర్లో చదువుకుంటున్న మన గుంటూరు తమ్ముడు ముందు రోజు రాత్రి పంపిన వాయిస్ మెసేజ్‌ని ఇప్పటికీ దాచుకున్నాం. దాని సారాంశం: ఎయిర్‌పోర్టులో రెండు రైల్వే స్టేషన్లు ఉంటాయి. దూరప్రాంత రైళ్లది వేరు, ఊళ్లోకి వెళ్లే రైళ్లది వేరు. మనకు కావాల్సింది ఊళ్లోకి వెళ్లే రైళ్లది, టెర్మినల్ 1 కింద ఉండే రెగియోనల్‌బాన్‌హోఫ్. అక్కడ ఎస్-8 లేదా ఎస్-9 నంబరు లోకల్ రైలు ఎక్కాలి. రైలు నంబరు ఒకటే చూసి ఎక్కితే వీస్‌బాడెన్ వైపు వెళ్లిపోతాం, ఎందుకంటే రెండు దిక్కులకూ అవే నంబర్లు. బోర్డు మీద హానావు లేదా ఓఫెన్‌బాఖ్ అని ఉందో లేదో చూసుకోవాలి. మెయిన్ స్టేషన్‌లో దిగి మారాల్సిన పని లేదు, అదే రైలు ఓస్టెండ్‌స్ట్రాసె స్టేషన్‌కు వెళ్తుంది, అక్కడి నుంచి బ్యాంకు భవనం నడక దూరం. టికెట్ రైలు ఎక్కకముందే మెషీన్‌లో కొనాలి. టికెట్ లేకుండా దొరికితే జరిమానా 60 యూరోలు, తెలియదంటే ఎవరూ వినరు. ఐదుగురి దాకా కలిసి తిరిగేట్టయితే గ్రూప్ డే టికెట్ ఉంది. ఎయిర్‌పోర్టు కలిసిన టికెట్ ధర వేరు, ఊళ్లో తిరిగే టికెట్ ధర వేరు. మెషీన్‌లో ఆ తేడా చూసి నొక్కాలి.

చిరునామా సంగతి కూడా ఆ తమ్ముడే చెప్పాడు. టీవీలో, పత్రికల్లో ఎప్పుడూ కనబడే పెద్ద నీలిరంగు యూరో గుర్తు విల్లీ బ్రాంట్ ప్లాట్స్‌లో, యూరోటవర్ ముందు ఉంటుంది. బ్యాంకు ప్రధాన కార్యాలయం ఒకప్పుడు అక్కడే ఉండేది. 2014 చివర్లో నగరానికి తూర్పున, మైన్ నది ఒడ్డున ఉన్న కొత్త భవనానికి మారింది. జోన్నెమాన్‌స్ట్రాసె 20, ఓస్టెండ్ పేట. బ్యాంకుల పర్యవేక్షణ విభాగం మాత్రం యూరోటవర్‌లోనే పనిచేస్తోంది కాబట్టి సెంట్రల్ బ్యాంకు అంటే టాక్సీ అక్కడికి తీసుకెళ్లినా డ్రైవర్‌ని తప్పుపట్టలేం. ఆహ్వానంలో ఏ భవనం రాశారో చూసుకుని వీధి పేరు, నంబరు చెప్పాలి. పొరపాటున యూరో గుర్తు దగ్గర దిగినా కంగారు అక్కర్లేదు, అక్కడే 11 నంబరు ట్రామ్ ఎక్కితే కొత్త భవనానికి దగ్గర్లోని ఓస్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్ దగ్గర దించుతుంది.

వర్క్‌షాప్ సెక్రటేరియట్ సిబ్బందికి ఎన్నిసార్లు థ్యాంక్స్ చెప్పినా తక్కువే. లోపలికి వెళ్లేటప్పుడు తనిఖీ ఎయిర్‌పోర్టులో లాగే ఉంటుంది: స్కానర్, బ్యాగు, జేబుల్లోవన్నీ ట్రేలోకి. అసలు పాస్‌పోర్టు చూపించాలి, ఫొటోకాపీ కుదరదు. తొమ్మిదికి మొదలయ్యే సమావేశానికి ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గర ఉండమన్నారు, ఎందుకంటే అందరూ ఒకేసారి వస్తే వరస రోడ్డు దాకా వస్తుంది. పెట్టెలు హోటల్‌లోనే వదిలి రమ్మన్నారు. స్లైడ్లు పీడీఎఫ్‌గా ముందు రోజే మెయిల్ చేయించుకున్నారు. సొంత పెన్‌డ్రైవ్ పెడదాం అంటే సెంట్రల్ బ్యాంకు కంప్యూటర్ దగ్గర సాగదు. పీడీఎఫ్ వల్ల ఇంకో లాభం, ఫాంట్ లేక సమీకరణాలు చెదిరిపోవడం ఉండదు.

సభ జరిగిన చోటు గురించి కూడా ఒక మాట. బ్యాంకు జంట టవర్ల (ఒకటి 185 మీటర్లు, ఇంకొకటి 165) పాదాల దగ్గర ఉన్న పొడవాటి ఇటుక భవనం గ్రోస్‌మార్క్ట్‌హల్లె. 1928లో కట్టిన కూరగాయలు, పళ్ల టోకు మార్కెట్ అది. నాజీల కాలంలో, 1941 నుంచి, దాని నేలమాళిగలో యూదులను కుక్కి అక్కడి నుంచే రైళ్లలో తరలించారు, పదివేల మందికి పైగా. బయట, రైలు పట్టాల పక్కన, స్మారక స్థలం ఉంది. భోజన విరామంలో మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి ఓపికగా వివరించిన బ్యాంకు ఉద్యోగికి కృతజ్ఞతలు. అజెండాలో లేని పని అది.

తిండి విషయంలో ఆదుకున్న అక్కకూ బావగారికీ ఏమిచ్చినా రుణం తీరదు. ఫారంలో శాకాహారం అని టిక్ పెడితే చాలదని, అక్కడ శాకాహారంలో గుడ్డు ఉంటుందని, గుడ్డు తిననివాళ్లు ఆ ముక్క విడిగా రాయాలని ముందే చెప్పారు. ఆదివారం దిగాం. ఊళ్లో దుకాణాలన్నీ మూత, తెరిచి ఉండేవి మెయిన్ స్టేషన్‌లోవి, ఎయిర్‌పోర్టులోవి. హోటల్ గది మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. పొద్దున దిగినవాళ్లకు ఆ మధ్య సమయమే నరకం. పెట్టెలు రిసెప్షన్‌లో పడేసి వాళ్లింటికి వెళ్తే పులిహోర, మజ్జిగ, పడుకోవడానికి చాప! ఇంటి నుంచి నెయ్యి, పాలకోవా తేవద్దని కూడా ముందే హెచ్చరించారు. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లడం నిషేధం. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా పెట్టెలో పెట్టకూడదు. ఆవకాయకు అభ్యంతరం లేదు, కాకపోతే చేతి బ్యాగులో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి, నూనె పచ్చడిని ద్రవం కిందే లెక్కేస్తారు.

అడాప్టర్లు అప్పిచ్చిన హోటల్ కుర్రాడికి థ్యాంక్స్. మన ఫోన్ చార్జర్ సన్న రెండు పిన్నులది నేరుగా పడుతుంది. ల్యాప్‌టాప్‌ది, లావు మూడు పిన్నులది, అక్కడి గుండ్రటి సాకెట్‌లో దూరదు. కార్డు గీకేటప్పుడు మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కాలి, రూపాయలు నొక్కితే మారకం రేటులో బాదేస్తారు. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకోకపోతే అసలు కార్డే పనిచేయదు.

చివరగా మా అకౌంట్స్ సెక్షన్ అన్నకు. ప్రయాణ ఖర్చుల ఫారంలో ఐబీఏఎన్ నంబరు, అంటే యూరప్‌లో వాడే అంతర్జాతీయ ఖాతా నంబరు, అడుగుతారు. మన దేశంలో ఆ పద్ధతే లేదు. ఆయన ఖాతా నంబరు, శాఖ పూర్తి చిరునామా, స్విఫ్ట్ కోడ్ (విదేశీ చెల్లింపుల్లో బ్యాంకును గుర్తించే కోడ్) విడి కాగితం మీద రాసి జతచేశారు. చాలా శాఖలకు సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. విదేశీ మారకం చూసే శాఖ కోడ్ అడిగి తెచ్చుకోవాలి, ఐఎఫ్‌ఎస్‌సీ రాస్తే డబ్బు తిరిగి వెళ్లిపోతుంది. ఖాతాలో పేరు, పాస్‌పోర్టులో పేరు వేరుగా ఉంటే ఇక్కడ కూడా అదే తంటా. ఫోన్‌లో ఉన్న బోర్డింగ్ పాస్ ప్రయాణం అయ్యాక యాప్‌లోంచి మాయం కావచ్చు కాబట్టి ఎక్కకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండని ఆయన చెప్పబట్టి అందరి బిల్లులూ పాసయ్యాయి. యూనివర్సిటీ లేఖ, బ్యాంకు వివరాల కాగితం రెండింటి నమూనాలూ ఆయన దగ్గరే ఉన్నాయి. వచ్చే ఏడాది వెళ్లేవాళ్లు అడిగితే ఇస్తానన్నారు. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి, అంతకుముందు జీతాల పనిలో ఉంటారు.