ఇకపై ఉద్యోగ ఖాళీల జాబితా పంపం
మా దగ్గర పోర్ట్‌ఫోలియో దిద్దించుకుంటున్న టెక్నికల్ రైటర్లకు,

వారం వారం మీకు అందే ఖాళీల జాబితా ఇక రాదు. దాన్ని మాకు ఇస్తున్న రిక్రూటింగ్ సంస్థ, నియామకాలు ఆపేసిన కంపెనీల పాత ప్రకటనలకే తేదీలు మార్చి పంపుతోంది. అప్లై చేసినవాళ్లకు జవాబు రాలేదు. రాదు కూడా, ఆ పోస్టులకు బడ్జెట్టే లేదు. నిలదీస్తే "మార్కెట్ అలా ఉంది" అన్నారు. 2022 చివర్లో ఉద్యోగాల కోతలు ఊపందుకున్నప్పటి నుంచీ మార్కెట్ ఎలా ఉందో మాకూ తెలుసు. డాక్యుమెంటేషన్ టీముకయ్యే జీతాలు లెక్కల్లో కనిపిస్తాయి, దానివల్ల తగ్గిన సపోర్ట్ కాల్స్ కనిపించవు. అందుకే కత్తి అక్కడ త్వరగా పడుతుంది. అది తెలిసి కూడా, లేని ఉద్యోగాలకు మనుషుల్ని తోలడం వేరే సంగతి. జాబితా తీసేస్తే చాలామంది మానేస్తారని మాలో మాకే పెద్ద వాదన నడిచింది. మానేసినా సరే, ఉత్తుత్తి ప్రకటనకు మా పేరు తగిలించం.

ఆ సమయమంతా మీ శాంపిళ్ల మీద పెడతాం. మొదటి డ్రాఫ్టు ఇప్పుడు చాట్‌బాట్ కూడా రాస్తుంది, సరిచూసే మనిషికే విలువ. ఒక ఓపెన్ సోర్స్ ఏపీఐ (ఒక ప్రోగ్రామ్‌ను ఇంకో ప్రోగ్రామ్ వాడుకునే దారి) తీసుకోండి. క్విక్‌స్టార్ట్ (వాడటం మొదలుపెట్టే పేజీ), రిఫరెన్స్, ఎర్రర్ల పేజీ రాసి గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) పెట్టండి. ఎక్కువమంది దొరికిపోయేది ఎర్రర్ల దగ్గరే, సర్వర్ కాదన్నప్పుడు పంపే కోడ్‌లలో 401కీ 403కీ ఒకే వివరణ రాసేస్తారు. 401 వస్తే టోకెన్ (మీరెవరో చూపే డిజిటల్ పాస్) లేనట్టు, లేదా చెల్లనట్టు, కొత్తది తీసుకోవాలి. 403లో మీరెవరో సర్వర్‌కు తెలుసు, అనుమతే లేదు. అవే హక్కులతో ఎన్ని కొత్త టోకెన్లు తెచ్చినా లాభం లేదు. 429 అంటే అభ్యర్థనలు మరీ ఎక్కువయ్యాయని, దానికి ఎంతసేపు ఆగాలో చెప్పే రిట్రై-ఆఫ్టర్ హెడర్ చూసి ఆగమని రాయాలి. కోడ్ ఉదాహరణల్ని ఏమీ ఇన్‌స్టాల్ చేయని కంటెయినర్‌లో (మీ మెషీన్‌తో సంబంధం లేని విడి వాతావరణంలో) నడిపి చూడండి. మీ మెషీన్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రామ్‌కు అందే సెట్టింగులు) ముందే ఉంటాయి కాబట్టి అక్కడ పనిచేస్తుంది, చదివేవాళ్ల దగ్గర ఆగిపోతుంది.

సాఫ్ట్‌వేర్ ఒక్కటే పట్టుకోకండి. వైద్య పరికరాలకు యూరప్‌లో 2017/745 నిబంధన ఉంది. అక్కడ వాడుక సూచనలు చాలా పరికరాలకు చట్టం అడిగేవి, ఖర్చు తగ్గించాలని తీసేయడం కుదరదు. డీఐటీఏ (డాక్యుమెంట్లను విడి ముక్కలుగా రాసే ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి) వచ్చినవాళ్లు ఆ వైపు తప్పక చూడాలి.

జాబితా కోసమే చేరినవాళ్లు కారణం రాయనక్కర్లేదు, మిగిలిన నెలల ఫీజు తిరిగిచ్చేస్తాం. ఉండేవాళ్లకు ఫీజు పెరగదు. ముందుగా ఎర్రర్ల పేజీ పంపండి.