యాపిల్ ఊరగాయకు మామిడికాయ కొలతలు సరిపోవు

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ వంటల పేజీలో యాపిల్ ఆవకాయ పెట్టే విధానం ప్రచురించారు. మామిడికాయ ఆవకాయకు వాడే పాళ్లలోనే ఉప్పు, కారం, ఆవపిండి కలిపి, ముక్క మునిగేలా నూనె పోసి జాడీకి ఎత్తితే ఏడాది పాటు నిలవ ఉంటుందని అందులో రాశారు. బరంపురంలో ఊరగాయలు, అప్పడాలు పెట్టి అమ్ముకునే ఇంటికి కోడలిగా వచ్చి, ఆ పనిలోనే వయసు గడిపినదాన్ని కనుక, ఆ మాట చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. యాపిల్‌తో కారంకారంగా చక్కటి ఊరగాయ అవుతుంది, అందులో సందేహం లేదు. అయితే దానిని మామిడికాయ కొలతలతో పెట్టకూడదు, ఏడాదికి సరిపడా అసలే పెట్టకూడదు.

మా గంజాం జిల్లాలో యాపిల్ పండదు. కాశ్మీరు, హిమాచల్ కాయ దసరా నాటికి లారీల మీద దిగుతుంది. దసరా వెళ్లగానే కుమార పున్నమి, గజలక్ష్మి పూజలు, ఆ వెంటనే దీపావళి వస్తాయి. పూజకు పెట్టిన కాయలు, చుట్టాలు పట్టుకొచ్చిన కాయలు ప్రతి ఇంట్లోనూ మిగిలిపోయి, తొక్క ముడతలు పడుతున్నప్పుడు ఎవరికైనా ఊరగాయ ఆలోచన వస్తుంది. అది పచ్చి మామిడికాయ దొరకని కాలం కూడా. ఈ ఊరగాయ మా వైపు ఇళ్లలో బాగా అలవాటైంది కనుకనే, దాని గురించి తప్పు సమాచారం అచ్చయితే నష్టం ఎక్కువ.

ముందుగా పులుపు సంగతి చెప్పాలి. ఆవకాయ నిలవ ఉండేది నూనె వల్ల అని చాలామంది అనుకుంటారు. నూనె గాలిని ఆపుతుంది, అంతే. అసలు కాపుదల ఉప్పుదీ, పులుపుదీ. పచ్చి మామిడికాయలో పులుపు నూటికి రెండు మూడు పాళ్లు ఉంటుంది. బజారులో దొరికే ఎర్ర డెలీషియస్ యాపిల్‌లో అది అర పాలు కూడా ఉండదు. పైగా ఆ కాయలో నూటికి ఎనభై అయిదు పాళ్లు నీరు, పది పాళ్లకు తగ్గకుండా చక్కెర. నీరూ తీపీ ఎక్కువై, పులుపు తక్కువైన ముక్కను ఉప్పు కారంలో కలిపి నూనె కింద ఉంచితే, కొద్ది రోజులకే జాడీ అంచున సన్నటి బుడగలు లేస్తాయి. మూత తీయగానే కల్లు వాసన వేస్తుంది. ఆ తీపి పులిసిపోతోందని అర్థం. పైన మరో గరిటె నూనె పోసినంత మాత్రాన అది ఆగదు.

యాపిల్ ఇంత తియ్యగా ఉండడం వెనక ఒక చరిత్ర ఉంది. 1870 ప్రాంతంలో కులూ లోయలో కెప్టెన్ లీ అనే ఆంగ్లేయుడు వేసిన తోటల్లో ఇంగ్లండు రకాలే ఎక్కువ, వాటిలో పులుపు బాగా ఉండేది. అవి మన దేశపు నాలుకకు పట్టలేదు. 1916లో సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో సామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్ అమెరికా నుంచి తీపి డెలీషియస్ రకాన్ని తెచ్చి నాటాడు. తరువాత సత్యానంద స్టోక్స్‌గా పేరు మార్చుకున్నది ఆయనే. ఆ రకమే కొండలంతటా వ్యాపించింది. తినడానికి అది మంచి మార్పు. ఊరగాయకు మాత్రం మనకు కావలసిన గుణమే కాయలో తగ్గిపోయింది. అందుచేత ఊరగాయ పెట్టదలచినవారు ఎర్రటి మెత్తని కాయను పక్కన పెట్టి, గట్టిగా, పుల్లగా ఉన్న కాయను వెతకాలి. కాశ్మీరు నుంచి సీజను చివర వచ్చే మహారాజీ రకం దొరికితే దానికి మించింది లేదు. పెద్ద దుకాణాల్లో దొరికే ఆకుపచ్చ గ్రానీ స్మిత్ కూడా బాగుంటుంది, కాని ధర ఎక్కువ. ఏదీ దొరకకపోతే డెలీషియస్‌లోనే ఇంకా పచ్చిదనం పోని కాయలు ఏరుకుని, లోటును నిమ్మరసంతో పూడ్చుకోవాలి.

ఇక ఉప్పు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం, ప్రధానంగా ఉప్పు మీద ఆధారపడి నిలవ చేసే ఊరగాయ ద్రవంలో ఉప్పు 12 శాతానికి తగ్గకూడదు. నిమ్మజాతి రసంలో నిలవ చేసేదానికి, సిట్రిక్ ఆమ్లం లెక్కన పులుపు 1.2 శాతానికి తగ్గకూడదు. మామిడి ఆవకాయలో కిలో ముక్కలకు పావుకిలోకు అటూఇటూగా ఉప్పు వేస్తాం. ఆ పుల్లదనంలో అంత ఉప్పు ఇమిడిపోతుంది కనుక అన్నంలో కలుపుకుంటే హాయిగా ఉంటుంది. అదే ఉప్పును తియ్యటి యాపిల్‌కు వేస్తే నోట్లో పెట్టుకోలేం. వేయకపోతే నిలవ ఉండదు. ఈ చిక్కు వల్లనే యాపిల్ ఊరగాయను కొంచెం కొంచెంగా, నిమ్మరసంతో, త్వరగా తినేసేలా పెట్టుకోవాలని మా అత్తగారు పట్టుబట్టేవారు. మా ఇంట్లో ఈనాటికీ అదే పద్ధతి.

అరకిలో కాయలకు మేము వాడే పాళ్లు రాస్తున్నాను. కాయలను గోరువెచ్చని నీటిలో వేసి, మైనపు పూత పోయేదాకా గుడ్డతో రుద్ది కడగాలి. తరువాత తడి లేకుండా తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. తొక్క తీయకూడదు. మామిడి ముక్కను టెంక పట్టి ఉంచుతుంది. యాపిల్ ముక్కకు ఆ ఆసరా తొక్క ఒక్కటే, అది తీస్తే రెండో రోజుకే ముద్దవుతుంది. గింజలూ, గింజల చుట్టూ ఉండే గట్టి పొరా తీసేసి, బొటనవేలి గోరంత ముక్కలు తరగాలి. తరిగిన ముక్క తరిగినట్టే నాలుగు పెద్ద నిమ్మకాయల రసంలో, అంటే సుమారు వంద మిల్లీలీటర్లలో, పడేయాలి. దీనివల్ల ముక్క నల్లబడదు, పులుపు కూడా వెంటనే లోపలికి ఎక్కడం మొదలవుతుంది. యాభై గ్రాముల ఉప్పు, అర చెంచా పసుపు కలిపి మూత పెట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచాలి.

తెల్లవారి చూస్తే గిన్నెలో ముక్కలు సగానికి దిగి, అడుగున లేత పసుపు రంగు ఊట నిలిచి ఉంటుంది. యాపిల్ కండలో నాలుగో వంతు దాకా గాలే ఉంటుంది. అందుకే ఆ కాయ నీటిలో తేలుతుంది, ఉప్పు తగలగానే ఇంతగా కుంగిపోతుంది. కొత్తవారు ఆ ఊటను చూసి కంగారుపడి పారబోస్తారు. పారబోయకూడదు. వేసిన ఉప్పూ, నిమ్మ పులుపూ సగం అందులోనే ఉంటాయి. ఆ ఊటలోనే యాభై గ్రాముల మంచి ఎండుమిరప కారం, నలభై గ్రాముల ఆవపిండి, పావు చెంచా వేయించి దంచిన మెంతిపిండి కలిపి, ముక్కలు నలగకుండా అడుగు నుంచి పైకి తిప్పాలి.

ఆవపిండి విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఆవాలను ఎండబెట్టి, వేయించకుండా పిండి కొట్టుకోవాలి. పొడిగా ఉన్నప్పుడు ఆవపిండిలో ఘాటు ఉండదు, తడి తగిలాకే అది పుడుతుంది. ముక్కుకు ఎక్కే ఆ ఘాటును పుట్టించే గుణం వేడి తగిలితే చచ్చిపోతుంది. పైన పోసే నూనె మరుగుతూ ఉంటే ఆవ చేదు మిగిలి ఘాటు పోయేది అందుకే. నూట ఇరవై గ్రాముల నువ్వులనూనె కాచి, ఇంగువ, నాలుగు ఎండుమిర్చి వేసి దించి, వేలు పెట్టగలిగేంతగా కాదు, పూర్తిగా చల్లారాకే కలపాలి. మా ఒడియా ఇరుగుపొరుగు ఆవనూనె వాడతారు. దానిని పొగ వచ్చేదాకా కాచి చల్లార్చితే అదీ బాగుంటుంది, కాని ఆవపిండిని ముప్పై గ్రాములకు తగ్గించుకోవాలి. మొదటి రోజు కొంచెం చేదు అనిపిస్తుంది. మూడో రోజు తిరగ కలిపేసరికి చేదు విరిగి, పులుపూ కారమూ కలిసి, ముక్క కొరికితే ఇంకా కరకరలాడుతుంది. ఈ కరకర ఉన్నంతవరకే దాని రుచి. ఫ్రిజ్‌లో రెండు వారాలు, తడి గరిటె పెట్టని ఇంట్లో మరికొన్ని రోజులు. అంతకు మించి దానిని దాచే ప్రయత్నం చేయవద్దని నా మనవి. వెల్లుల్లి ఇష్టమైనవారు జాడీలో వేయకుండా, తినే రోజున దంచి కలుపుకోవడం మేలు. పులుపు అంతంత మాత్రంగా ఉన్నచోట నూనె కింద పచ్చి వెల్లుల్లిని రోజుల తరబడి ఉంచడం ప్రమాదం.

కాస్త ఎక్కువ కాలం కావాలనుకునేవారికి వేరే దారి ఉంది. మా వీధిలోని ఒడియా ఇళ్లలో యాపిల్‌తో ఖట్టా చేస్తారు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర కలిసిన పంచఫుటణ పోపులో వేసి, కాయను బెల్లంతో, పులుపుతో ఉడికిస్తారు. అది భోజనంలోకి అప్పటికప్పుడు చేసుకునేదే అయినా, యాపిల్ స్వభావాన్ని సరిగా అర్థం చేసుకున్న వంట అని నా అభిప్రాయం. కాయలో తీపిని దాచడానికి పెనుగులాడకుండా దానికి బెల్లాన్నే తోడు చేస్తుంది. ఆ దారినే కొంచెం కారంవైపు తిప్పి మేము తొక్కు చేస్తాం. కిలో కాయల తురుముకు వంద గ్రాముల చింతపండు గుజ్జు, వంద గ్రాముల బెల్లం, ఎనభై గ్రాముల ఉప్పు, డెబ్బై అయిదు గ్రాముల కారం, రెండు వందల గ్రాముల నువ్వులనూనె పడతాయి. పంచఫుటణ పోపులో తురుము వేసి, నీరంతా ఇగిరి, సగానికి దిగి, నూనె పక్కలకు తేలేదాకా సన్నసెగ మీద మగ్గించాలి. నీరు ఇగిరిపోయింది కనుక ఇది ఫ్రిజ్‌లో నెల దాటి ఉంటుంది. దీనికి మెత్తబడిన డెలీషియస్ కాయలైనా పనికొస్తాయి.

మెత్తబడినవి అన్నాను గాని, కుళ్లినవి అనలేదు. ఈ తేడా అందరూ గమనించాలని గట్టిగా కోరుతున్నాను. సీజను చివర్లో దెబ్బతిన్న కాయలను కుప్పలు పోసి చవకగా అమ్ముతారు. ‘ఊరగాయకే కదా’ అని బూజు పట్టిన చోట చాకుతో కోసేసి మిగతాది వాడుకోవడం చూస్తూనే ఉన్నాం. యాపిల్‌ను కుళ్లబెట్టే నీలిరంగు బూజు పాట్యులిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కుళ్లు కనిపించే మచ్చ దాటి పక్క కండలోకీ పాకుతుంది, ఉడికించినా పూర్తిగా పోదు. యాపిల్ రసంలో అది కిలోకు 50 మైక్రోగ్రాములు మించకూడదని నిబంధనే ఉంది. లారీలో ఒత్తుడుపడి గోధుమరంగు తిరిగిన చోటు తీసేసి మిగతాది నిక్షేపంగా వాడుకోవచ్చు. బూజు కనిపించిన కాయను మాత్రం ఏ కోసిన ముక్కనూ దాచుకోకుండా పారేయాలి. కారం, ఆవ కలిపాక ఆ వాసన ఎవరికీ తెలియదు, భయం అక్కడే ఉంది.

ఫ్రిజ్ ఉంది కదా, ఒకేసారి ఎక్కువ పెట్టుకుంటే ఏమని కొందరు అడుగుతారు. మా తీరంలో యాపిల్ కాలమూ తుపాన్ల కాలమూ ఒకటే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాలు మూడూ దెబ్బతిన్నాయి. అలాంటి రోజుల్లో వంటింటి అటక మీది మామిడి ఆవకాయ జాడీ చెక్కుచెదరదు, ఫ్రిజ్‌లోని యాపిల్ ఊరగాయ మూడు నాలుగు రోజులకే పాడవుతుంది. సముద్రపు చెమ్మగాలికి బూజు పట్టడం కూడా ఇక్కడ మరీ త్వరగా జరుగుతుంది. కనుక అరకిలో కాయలతో పెట్టుకుని, అది అయిపోయాక మళ్లీ పెట్టుకోవడమే మా వైపు వారికి తగిన పద్ధతి.

మీ పత్రిక ఇచ్ఛాపురం దాటి బరంపురం, పర్లాకిమిడి, రాయగడ దాకా వస్తుంది. ఇక్కడ తెలుగు బడి చదువు లేని ఆడపిల్లలు కూడా అమ్మమ్మల చేత చదివించుకుని మీ వంటల పేజీని చూసి వండుతారు. ఏడాది నిలవ అని అచ్చులో చూసి, చుట్టుపక్కల ఇళ్లకు అమ్ముకుందామని పది కిలోల కాయ కొని పెట్టిన ఇల్లాలికి అది పులిసిపోతే డబ్బూ పోతుంది, నాలుగు ఇళ్లలో మాటా పోతుంది. కాబట్టి యాపిల్ ఊరగాయ గురించి రాసేటప్పుడు ఏ రకం కాయ, ఎంత నిమ్మరసం, ఎక్కడ ఉంచాలి, ఎన్నాళ్లలో తినాలి అనే వివరాలు తప్పక ఇవ్వవలసిందిగానూ, ఏడాది నిలవ ఉంటుందన్న ఆ వాక్యానికి సవరణను వచ్చే దసరాకు కొత్త కాయ దిగేలోగా అదే పేజీలో ప్రచురించవలసిందిగానూ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా