చోప్తా మంచులో మధ్యాహ్నం రెండు దాటితే

సంపాదకుడికి,

చలికాలంలో ఉత్తరాఖండ్ కొండల్లోని తుంగనాథ్ శివాలయ యాత్ర గురించి ఈ మధ్య మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం బాగుంది. ఫొటోలు ఇంకా బాగున్నాయి. అవి చూసి సంక్రాంతి సెలవులకు టికెట్లు తీసేవాళ్లు మన ఊళ్లో తప్పకుండా ఉంటారు. కానీ రిషీకేశ్ నుంచి చోప్తాకు సుమారు 210 కిలోమీటర్లు, అక్కడి నుంచి గుడికి మూడున్నర కిలోమీటర్ల నడక అని రాసి వదిలేశారు. ఏ గంటకు ఎక్కడ ఉండాలో రాయలేదు. ఆ దారిలో చిక్కంతా గంటలతోనే.

దేవప్రయాగ, శ్రీనగర్ (కశ్మీర్‌ది కాదు, ఉత్తరాఖండ్‌దే), రుద్రప్రయాగ మీదుగా ఊఖీమఠ్ దాకా మంచు బెడద పెద్దగా ఉండదు. అసలు సంగతి ఆ పైన ఉన్న 30 కిలోమీటర్లలో, ముఖ్యంగా దుగ్గల్‌బిట్టా దగ్గర్నుంచి. పగటి ఎండకు రోడ్డు అంచున ఉన్న మంచు కరిగి నీళ్లు అడ్డంగా పారతాయి. కొండ నీడ పడగానే అవి పలచటి గాజుపలకలా గడ్డకడతాయి. చూస్తే తడిసిన తారురోడ్డు అనుకుంటాం, తెల్లగా కనపడదు. బ్లాక్ ఐస్ అనేది దీన్నే. ఉత్తరం వైపు మలుపుల్లో, చెట్ల నీడ కింద అది పగలంతా కరగకుండానే ఉంటుంది. డిసెంబరులో అక్కడ ఐదుంబావు ప్రాంతంలో పొద్దుగూకుతుంది, లోయల్లో అయితే నాలుగింటికే ఎండ పోతుంది. కాబట్టి ఊఖీమఠ్ నుంచి పైకి బయల్దేరితే పదకొండుకూ రెండుకూ మధ్య బయల్దేరాలి. రెండు దాటిందా, ఆ రాత్రికి ఊఖీమఠ్‌లోనే దిగిపోవాలి. హోటల్ అడ్వాన్సు పోతే పోనివ్వండి.

మంచులో జారకుండా చక్రాలకు వేసే చైన్ల విషయంలో పొరపాట్లు ఎక్కువ. ఇంజిన్ ఏ చక్రాలను తిప్పుతుందో వాటికే చైను వేయాలి. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లకు ముందు చక్రాలకు, టెంపో ట్రావెలర్‌కూ ఇన్నోవా క్రిస్టాకూ వెనక చక్రాలకు. అదే ఇన్నోవాలో హైక్రాస్ అయితే మళ్లీ ముందు చక్రాలకే. బండి జారడం మొదలయ్యాక చైన్లు బయటికి తీసేవాళ్లున్నారు. అప్పటికే అది వాలులో, మలుపులో ఆగి ఉంటుంది, జాకీ కూడా నిలవదు. మంచు రాకముందే చదునుగా ఉన్న చోట వేసుకోవాలి. వంద మీటర్లు నడిపి, ఆపి, దిగి మళ్లీ బిగించాలి, మొదటి నాలుగు చుట్లలోనే అవి వదులవుతాయి. వేగం 30 దాటకూడదు. పొడి తారు రాగానే విప్పెయ్యాలి, లేకపోతే కొక్కెం తెగి మడ్‌గార్డును వాయిస్తుంది. దిగేటప్పుడు మొదటి గేరో రెండో గేరో వేసి, క్లచ్ మీంచి కాలు తీసెయ్యాలి. బ్రేకు అదిమితే చక్రం ఆగుతుంది, బండి ఆగదు.

హైదరాబాద్ నుంచి సొంత కారులో వెళ్లే సాహసులకు ఇంకో మాట. మన ఎండలకు అలవాటుపడి రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోసుకుంటూ ఉంటాం. అక్కడ రాత్రి అవి గడ్డకట్టి ఉబ్బితే రేడియేటర్ పగులుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం పోయించి బయల్దేరండి. రాత్రి హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేస్తే తెల్లారేసరికి బిగుసుకుపోవచ్చు. బండిని గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డం పెట్టాలి.

నడక దారి రాళ్లు పరిచినదే, కానీ జనవరిలో ఆ రాళ్లు కనపడవు. పైన మెత్తటి మంచు, కింద రాయికి అంటుకున్న నున్నటి ఐసు. స్పోర్ట్స్ షూలతో పావుగంట కూడా నడవలేరు. చీలమండ దాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ బూట్లు, వాటికి మైక్రోస్పైక్స్, అంటే బూటు కింద తగిలించే ఇనుప పళ్ల రబ్బరు పట్టీలు, కావాలి. స్పైక్స్ అద్దెకు దొరుకుతాయి. తీసుకునే ముందు రబ్బరు పట్టీని రెండు చేతులతో సాగదీసి చూడండి. సన్నటి పగుళ్లుంటే పైన చలికి తెగిపోతుంది. పళ్ల మధ్య మంచు ముద్దగా ఇరుక్కుంటే అవి పట్టవు, ఊతకర్రతో బూటు పక్కన తట్టి రాల్చాలి. మేజోళ్లు రెండు జతలు బిగించి వేసుకుంటే రక్తం ఆడక వేళ్లు మరింత చల్లబడతాయి, మందపాటి ఉన్నిది ఒక్కటి చాలు. జీన్సు, నూలు బనియను వద్దు, చెమటకు తడిస్తే ఆరవు. కోఠి ఫుట్‌పాత్ మీది స్వెటర్లు మధ్య పొరగా భేషుగ్గా పనికొస్తాయి, కానీ గాలిని ఆపే జాకెట్ పైన ఉండాల్సిందే. నల్ల కళ్లద్దాలు సోకు కోసం కాదు. అవి లేకుండా మంచు మీద ఎండలో తిరిగితే, సాయంత్రానికి కంట్లో ఇసుక పోసినట్టుంటుంది. నీళ్ల సీసాను సంచిలో తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర గడ్డకట్టదు.

మీ కథనంలో అసలే లేనిది రాత్రి సంగతి. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తు, ఊఖీమఠ్ 1,300, చోప్తా 2,600 పైన. ఉదయం విమానం దిగి నేరుగా చోప్తాలో పడుకుంటే తలనొప్పి, వికారం రావడం వింతేం కాదు. మొదటి రాత్రి ఊఖీమఠ్‌లో గడపమనేది అందుకే. తలనొప్పి ఉంటే పైకి ఎక్కకూడదు. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడవమంటే తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా వెంటనే కిందికి దించాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. ఎత్తు పడకపోతే వాడే డయామాక్స్ మాత్రను డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు, సల్ఫా మందులు పడనివాళ్లు అసలే వద్దు.

అయితే అక్కడి తలనొప్పులన్నీ ఎత్తు వల్లే కాదు. చలికి తాళలేక గదిలోకి బొగ్గుల కుంపటి తెప్పించుకుని, తలుపులు, కిటికీలు బిగించి పడుకుంటారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. మొదట తలనొప్పి, తర్వాత మగత. ఎత్తు పడలేదేమోనని ఇంకాస్త దుప్పటి కప్పుకుంటారు, ఆ తర్వాత లేవరు. ఉత్తరాదిలో ఏటా చలికాలం ఇలాంటి వార్తలు మీ పత్రికలోనే చదువుతుంటాం. గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే ముందు కుంపటిని అనుమానించి అందరూ బయటికి రావాలి. పడుకునే ముందు దాన్ని వరండాలో పెట్టించండి. వేడినీళ్ల బ్యాగు దుప్పట్లో పెట్టుకుంటే చాలు. మన దగ్గర 2005లో మొదలైన 108 సేవ అక్కడా ఉంది, కానీ సిగ్నల్ దొరికి, ఆ బండి ఐసు రోడ్డు ఎక్కి వచ్చేదెప్పుడు?

చివరగా భక్తులకు. చలికాలం తుంగనాథ్ గుడి తలుపులు మూసే ఉంటాయి. అప్పుడు స్వామి ఉండేది కింద మక్కుమఠ్‌లో. కేదారనాథుడి ఉత్సవమూర్తి ఊఖీమఠ్ ఓంకారేశ్వరాలయంలో ఉంటుంది. మొదటి సాయంత్రం ఎలాగూ అక్కడే ఆగుతారు కనక ఆ దర్శనం అయిపోతుంది.

ఇట్లు,
కొందరు ట్రెక్కింగ్ మిత్రులు,
తార్నాక, హైదరాబాద్