బొమ్మలు తగిలించండి, మూడు నెలలకు దించండి

సంపాదకులకు నమస్కారం.

గ్రంథాలయం హాల్లో ఈ కాలపు చిత్రకారుల బొమ్మలు పెట్టడం మంచి పని. దామెర్ల రామారావుది రాజమహేంద్రవరం, అడివి బాపిరాజుది భీమవరం, బాపుది నరసాపురం. బొమ్మలు వేసేవాళ్లకు గోదావరి ఒడ్డున ఎప్పుడూ కరువు లేదు. కరువల్లా గోడలకే. రాజమహేంద్రవరంలో దామెర్ల పేరిట చిత్రశాల ఉంది గానీ, అమలాపురంలోనో తణుకులోనో ఇవాళ వేస్తున్నవాళ్లు తమ పని ఎక్కడ చూపించాలి? శాఖా గ్రంథాలయానికి గోడలున్నాయి, పొద్దునే పేపరు కోసం వచ్చే జనమున్నారు. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కట్టే జనమే వాళ్లు.

అయితే తగిలించి మరిచిపోతే డెల్టా గాలిలో బొమ్మ నిలవదు. ఇంటికిచ్చే పుస్తకానికి గడువు తేదీ వేసినట్టే గోడమీది బొమ్మకూ వేయాలి. కాగితం మీద వేసినదైతే ఆ గడువు మూడు నెలలు. ఇది నోటికొచ్చిన అంకె కాదు, లెక్క ఉంది.

వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. చదువుకునే బల్ల మీద 300 లక్స్ అయినా ఉండాలి. నీటిరంగులకు, సిరా బొమ్మలకు మ్యూజియంలు ఇచ్చేది 50. నూనె రంగులకు, అక్రిలిక్‌కు 200 దాకా ఫరవాలేదు. ఒకే హాల్లో 300, 50 రెండూ కుదరవు. పాఠకుడి కళ్లు పాడుచేసి బొమ్మను కాపాడమని ఎవరూ అడగరు గనుక, తగ్గించాల్సింది వెలుతురును కాదు, రోజులను. రంగు వెలవడమన్నది ఎంత వెలుగు, ఎన్ని గంటలు అన్నదాన్ని బట్టి పోగుపడుతూ వస్తుంది. 50 లక్స్ చొప్పున రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులంటే 1,20,000 లక్స్ గంటలు. బల్ల మీద 300 ఉన్న హాల్లో నిలువు గోడ మీద సుమారు 150 పడుతుందనుకుందాం. రోజుకు అవే 8 గంటలు, నెలకు 25 రోజులు తెరిస్తే 30,000 లక్స్ గంటలు. అంటే ఆ 1,20,000 ఏడాది కోటా నాలుగు నెలల్లో ఖర్చయిపోతుంది. కిటికీ పక్కనైతే ఇంకా ముందే. అందుకే మూడు నెలలన్నాం. మార్కర్ పెన్నుల గులాబీ, ఊదా రంగులు అన్నిటికన్నా ముందు పోతాయి. బొగ్గు, నల్ల ఇండియన్ ఇంకు వెలుతురును బాగా తట్టుకుంటాయి. మీటరు లేనివాళ్లు ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, ఫోను వీపు గోడకు ఆనించి, తెర హాలువైపు ఉంచి చూడొచ్చు. కచ్చితంగా రాకపోయినా ఏ గోడ మేలో తెలుస్తుంది. దించిన కాగితం బొమ్మను అదే ఏడాది ఇంకో శాఖలో తగిలిస్తే ఈ లెక్కంతా వృథా. నూనె రంగులదైతే పంపొచ్చు.

ఇక గోడ. వానజల్లు కొట్టే బయటి గోడను వదిలేసి, రెండు గదుల మధ్య గోడను ఎంచుకోవాలి. చెమ్మ ఉందో లేదో చెయ్యి ఆనించి చెప్పలేం. అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి ఒక పగలూ రాత్రీ ఉంచండి. ముక్క లోపలివైపు నీటి బిందువులు పడితే చెమ్మ గోడలోంచి వస్తోందని అర్థం, ఆ గోడకు ఏ బొమ్మా పనికిరాదు. బయటివైపు పడితే గాలిలోని తడి. ఈ పరీక్ష వానాకాలంలోనే చేయాలి. మే నెలలో చేస్తే ప్రతి గోడా మంచిగోడే.

గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిచిందంటే కాగితానికి బూజు పట్టే వీలుంది. మన దగ్గర వానలు మొదలయ్యాక అంతకు దిగే రోజులే తక్కువ. ఏసీ ఉన్న గ్రంథాలయాల్లో మరో చిక్కు. పగలు వేసి, సాయంత్రం తాళం వేసేటప్పుడు ఆపేస్తారు. తేమ రోజూ పడి లేస్తుంటే కాన్వాసు ఓసారి బిగిసి ఓసారి వదులై, పాత నూనె రంగుల పొర పగులుతుంది. అలాంటి ఏసీ కంటే రోజంతా నిదానంగా తిరిగే ఫ్యానే నయం.

ఎక్కువ బొమ్మలు పాడయ్యేది మాత్రం ఫ్రేములోనే. బజారు ఫ్రేములో బొమ్మ అద్దానికి నేరుగా అతుక్కుని ఉంటుంది, వెనక మామూలు అట్ట, చుట్టూ సెల్లోటేపు. ఆ అట్టలోని ఆమ్లం కాగితంలోకి దిగి అంచుల వెంట గోధుమరంగు గీత పడుతుంది. అద్దం మీద తడి చేరితే ఫొటో ప్రింటు దానికి అంటుకుపోతుంది, తర్వాత లాగితే బొమ్మ పై పొర అద్దానికే ఉండిపోతుంది. యాసిడ్ లేని మౌంట్ బోర్డును, అంటే మందపాటి అట్టను, కిటికీలా కోసి పైన పెట్టడం అందం కోసమని చాలామంది అనుకుంటారు. అసలు పని బొమ్మకూ అద్దానికీ మధ్య ఎడం ఉంచడం. 3 మిల్లీమీటర్లుంటే మేలు. ఒక్క బోర్డు మందం చాలకపోతే రెండు వేయాలి, లేదా అంచున అద్దం కింద సన్నని పట్టీ పెట్టాలి.

బొమ్మను ఆ బోర్డుకు నాలుగు వైపులా అతికించకూడదు. కాగితం తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కదలనివ్వకపోతే అలలు తేలుతుంది. పైఅంచున రెండే రెండు పట్టీలు, వేలెడు వెడల్పువి, సన్నని జపాన్ టిష్యూ కాగితంతో వేసి మిగతా మూడు వైపులా వదిలేయాలి. డబుల్ సైడ్ టేపు, ఫెవికాల్ వద్దు, మళ్లీ ఊడదీయలేం. జిగురుకు గోధుమ పిండిపదార్థం వాడాలి. హల్వాకు పాలు తీసినట్టే మైదా ముద్దను నీళ్లలో పిసికి, తెల్లటి నీళ్లను పేరనిచ్చి, పైన తేరిన నీళ్లు వంపేస్తే అడుగున మిగిలేదే కావాలి. ఒక వంతుకు నాలుగైదు వంతుల నీళ్లు పోసి, సన్నని సెగమీద అరగంట కలుపుతూ ఉడికించి, చల్లారాక గుడ్డలో వడకట్టాలి. రెండు రోజుల్లో పులుస్తుంది గనుక కొంచెమే చేసుకోవాలి. గ్రంథాలయాల్లో బైండింగ్ చేసేవాళ్లకు మైదా జిగురు కొత్త కాదు గానీ, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపే అలవాటుంది. బొమ్మల దగ్గర అది కూడదు. తుత్తంలోని రాగి కాగితాన్ని పెళుసు చేస్తుంది, మరకా పడుతుంది. రామబాణం పురుగుకు మందు జిగురులో కాదు, ఫ్రేము వెనక సందులు మూసి నెలకోసారి దుమ్ము దులపడంలో ఉంది.

అద్దమా, అక్రిలిక్ షీటా అని అడిగేవాళ్లకు: 60 × 90 సెంటీమీటర్ల బొమ్మకు 3 మిల్లీమీటర్ల అద్దం 4 కిలోలు తూగుతుంది, అదే మందం అక్రిలిక్ 2 కిలోలు. పిల్లల విభాగంలో అక్రిలిక్ మేలు, పడినా పగిలి గుచ్చుకోదు. కానీ తుడిస్తే దానికి స్థిరవిద్యుత్తు పుట్టి పొడిని లాక్కుంటుంది, అందుకే బొగ్గు బొమ్మలకు, పేస్టల్ అనే రంగు సుద్దతో వేసినవాటికి అద్దమే గతి. ఏదైనా సరే, తుడిచే మందును గుడ్డ మీద చల్లుకోవాలి. అద్దం మీద చల్లితే కారి, కింది అంచులోంచి లోపలికి దిగుతుంది.

తగిలించడానికి ఒక్క మేకు చాలదు, రెండు కొక్కేలుండాలి. అప్పుడే పక్కకు వాలదు. సున్నం గచ్చు పాత గోడల్లో మేకు కొడితే పెచ్చులూడుతాయి. డ్రిల్లుతో ఇటుకలోకి, అతుకులోకి కాకుండా, 8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి ప్లగ్గు వేసి 50 మిల్లీమీటర్ల స్క్రూ బిగించాలి. మూడు నెలలకోసారి మార్చేవాళ్లకు పైన పొడవునా ఒక అల్యూమినియం పట్టీ వేయించి, దానికి తీగలతో వేలాడదీయడం ఇంకా సులువు. బొమ్మ మధ్యభాగం నేలనుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో రావాలి. బీరువాల మీద, నాయకుల ఫొటోల వరసలో, ఏడడుగుల ఎత్తున కడితే చూసేది బల్లులే. ఫ్రేము వెనక కింది మూలల్లో సెంటీమీటరు మందం రబ్బరు బిళ్లలు అతికిస్తే గాలి ఆడుతుంది. ఏ చదువు గది గోడైనా చూడండి, కుర్చీల వరస వెనక తలనూనె మరకల పట్టీ ఒకటి నల్లగా సాగి ఉంటుంది. ఆ గోడకు బొమ్మ పెట్టాలంటే ముందు కుర్చీలు అడుగున్నర ఇవతలికి జరపాలి.

చివరగా కాగితాల సంగతి. తీసుకునేటప్పుడే బొమ్మ పేరు, కొలతలు, దేనితో వేసింది, ఎక్కడెక్కడ మరకలున్నాయి, పాడైతే కట్టాల్సిన విలువెంత, దించే తేదీ ఏది అన్నవి రెండు ప్రతుల్లో రాసి, నాలుగు మూలలూ ఫొటో తీసి ఇద్దరూ సంతకాలు చేయాలి. లైబ్రేరియన్ బదిలీ అయితే రసీదు లేని బొమ్మ పాత సామానులో కలిసిపోతుంది. కొన్నంత మాత్రాన దాన్ని క్యాలెండరు మీద అచ్చువేసుకునే హక్కు రాదని కూడా తెలియాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేసి ఉన్న బొమ్మను కొంటే కాపీరైట్ చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, వేయించుకున్నవారిది. గోడమీద వేయించిన బొమ్మకు సున్నం కొట్టేముందు మరీ ఆలోచించాలి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేసినందుకు, మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగివ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టాలని ఢిల్లీ హైకోర్టు 2005లో తీర్పు చెప్పింది. జాగ్రత్తగా దించి దాచడానికి మాత్రం భయపడక్కర్లేదు. ప్రదర్శనలో ఉంచకపోవడం చిత్రకారుడి హక్కుల ఉల్లంఘన కాదని అదే చట్టం 57వ సెక్షన్ వివరణే చెబుతోంది.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. బొమ్మల ప్రదర్శన ఆ వారంలోనే పెట్టాలన్న ఉబలాటం సహజమే గానీ, అది మనకు తుపాన్ల నెల. ఆ వారంలో కాన్వాసులు, నూనె రంగుల పనులు పెట్టండి. కాగితం బొమ్మలను సంక్రాంతి వెళ్లాక తగిలించి, ఉగాది దాటాక దించండి.

ఇట్లు,
బొమ్మలు వేసేవాళ్లం, ఫ్రేములు కట్టేవాళ్లం కొందరం,
అమలాపురం