డిసెంబరు వార్తాలేఖ: కష్టంలో దేవుణ్ణి అడగడం, పిల్లల ఎదుట

ప్రియమైన తల్లిదండ్రులకు, ప్రభువు నామంలో వందనాలు.

అర్ధ సంవత్సర పరీక్షలు నడుస్తున్నాయి. తర్వాత క్రిస్మస్, ఆ వెంటనే డిసెంబరు 31 రాత్రి ఆరాధన. చెన్నైలోని మన తెలుగు సంఘాల్లో ఆ రాత్రి ఎంతోమంది వాగ్దాన కార్డు, అంటే కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక బైబిలు వచనం రాసి ఉన్న కార్డు, తీస్తారు. నాన్నకు పని పోయిన ఇల్లు, అమ్మమ్మ మంచాన పడ్డ ఇల్లు, అప్పులో ఉన్న ఇల్లు ఆ కార్డులోనే దేవుని నడిపింపు వెతుకుతాయి. పిల్లలు అదంతా గమనిస్తుంటారు.

తరచూ వచ్చే వాగ్దానం యిర్మీయా 29:11, మీ విషయంలో నా ఉద్దేశాలు మేలుకే గాని హానికి కావు అనే మాట. కార్డు మీద ఆ ఒక్క వచనమే ఉంటుంది. దాని ముందు, 10వ వచనంలో 70 ఏళ్లు అని ఉంది. 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. బబులోనుకు చెరగా పోయిన వాళ్లకు, తొందరగా తిరిగి రారని చెబుతూ రాసిన ఉత్తరం అది. ఆ వచనం చూపించి "నీకు సీటు ఖాయం" అని పదో తరగతి బిడ్డకు మాట ఇస్తే, మే నెలలో ఫలితం వేరుగా వచ్చినప్పుడు ఆ బిడ్డ నమ్మకమే దెబ్బతింటుంది. కార్డు తీయండి, తప్పు లేదు. మర్నాడు ఆ అధ్యాయం మొత్తం కలిసి చదవండి.

రాత్రి కుటుంబ ప్రార్థనకు 15 నిమిషాలు చాలు. కష్టంలో ఉన్నప్పుడు 13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరే వచనాలు. మొదటి రెండూ దేవుణ్ణి నిలదీసే ప్రశ్నలు, 3, 4 మనవి, 5, 6 నమ్మకం. మనం చేసే పొరపాటు, బిడ్డ నోరు విప్పేలోపే 5వ వచనానికి వెళ్లిపోవడం. మొదటి రెండు వచనాల దగ్గర ఆగి, బిడ్డ భయాన్ని బిడ్డ మాటల్లోనే చెప్పనివ్వండి. సర్దిచెప్పకండి.

తర్వాత అడగాల్సింది నోటుపుస్తకంలో రాయండి. "నడిపించు ప్రభువా" అంటే జవాబు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? "ఏప్రిల్‌లో అద్దె తక్కువ ఉన్న ఇంటికి మారాలా, ఇక్కడే ఉండాలా?" అని రాయండి. దాని కింద అద్దె, బడి దూరం, వ్యాను ఖర్చు. బైబిల్లో నెహెమ్యా, కూలిన యెరూషలేము గోడ తిరిగి కట్టాలని, కిస్లేవు నెల నుంచి నీసాను నెల వరకు, సుమారు నాలుగు నెలలు, ప్రార్థించాడు. ఏం కావాలని రాజు అడిగేసరికి ఎవరెవరికి అనుమతి ఉత్తరాలు కావాలో, కలప ఎందుకు కావాలో అతని దగ్గర సిద్ధంగా ఉంది. వాక్యానికి పాస్టరుగారిని, జబ్బుకు డాక్టరును, అప్పుకు బ్యాంకును అడగడం విశ్వాసలోపం కాదు.

అన్నిటికంటే నాకు ఆందోళన కలిగించేది యిర్మీయా 42వ అధ్యాయం. యూదాలో మిగిలిన జనం ప్రవక్త యిర్మీయా దగ్గరికి వచ్చి, ఎటు వెళ్లాలో దేవుణ్ణి అడగమని, మంచిదైనా చెడ్డదైనా దేవుడు చెప్పినట్టే చేస్తామన్నారు. పది రోజులకు జవాబు వచ్చింది: ఇక్కడే ఉండండి. అప్పటికే వాళ్లు ఐగుప్తుకని (ఈజిప్టుకని) బయల్దేరి బేత్లెహేము దగ్గర దిగి ఉన్నారు. నువ్వు అబద్ధమాడుతున్నావని ప్రవక్తనే కొట్టిపారేశారు. హాస్టలుకు డబ్బు కట్టేసి "ప్రార్థన చేసి చూద్దాం నాన్నా" అంటే బిడ్డకు తెలిసిపోతుంది. నిర్ణయం అయిపోతే అయిపోయిందని చెప్పండి, దానికి కావలసిన బలం అడగండి. "దేవుడు నాతో చెప్పాడు" అనే మాట బిడ్డ నోరు మూయించడానికి వాడకండి. జబ్బు వేళ "వీణ్ణి దేవుని సేవకిస్తాను" అని మొక్కుకుని ఉంటే, ఆ భారం వాడి భుజాన పెట్టకండి. పెద్దయ్యాక వాడు స్వయంగా ప్రభువును అడగాలి.

పరీక్షలప్పుడు పిల్లలతో ఉపవాసం చేయించవద్దు. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ప్రవక్త ఏలీయాకు దేవదూత రెండుసార్లు తిండి పెట్టాడు, మధ్యలో అతను నిద్రపోయాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే.

బిడ్డ రెండు వారాలుగా సరిగా తినకపోతే, నిద్రపోకపోతే డాక్టరుకు చూపించండి. "నేనుండి ఏం లాభం" అంటే మాత్రం రేపటిదాకా ఆగకండి, ఒంటరిగా వదలకండి. ప్రార్థిస్తూనే ఆ రోజే మానసిక సహాయం కోసం ఉన్న ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్‌కు, 14416కు, ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లల సహాయానికి 1098.

ఫీజు కట్టలేని పరిస్థితి ఉంటే గడువుకు ముందే వచ్చి చెప్పండి. బుధవారాలు సాయంత్రం 4 నుంచి 5 వరకు నా గదిలో ఉంటాను. బిడ్డను వెంట తేనక్కర్లేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు