డానర్ పాస్ దగ్గర చెయిన్లు వేసిపెట్టిన అన్నకు

మొన్న శనివారం సాయంత్రం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి లేక్ టాహో వెళ్తూ, ఇంటర్‌స్టేట్ 80 హైవే మీద డానర్ పాస్ కనుమ దగ్గర చెయిన్ కంట్రోల్‌లో, అంటే మంచులో జారకుండా టైర్లకు చెయిన్లు వేశారో లేదో చూసే చోట, ఆగిపోయాం. బోర్డు మీద ఆర్2 అని ఉంది. అంటే నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు తప్ప మిగతావన్నీ చెయిన్లు వేసుకోవాల్సిందే. మాది మామూలు సెడాన్.

చెయిన్లు కొన్నాను గానీ డబ్బా ఎప్పుడూ విప్పి చూడలేదు. మంచులో మోకాళ్ల మీద కూర్చుని వెనక చక్రాలకు తగిలించబోతున్నాను. వేళ్లు కొంకర్లు పోయాయి. లోపల పాప "నాన్నా, చలి" అని ఒకటే ఏడుపు. ఆ మాట వినే కాబోలు, మీరు బండి దిగి వచ్చారు. "తమ్ముడూ, ఇది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా, ముందు చక్రాలకు వేయాలి" అన్నారు.

చెయిన్ నేల మీద పరిచి మెలికలు విడదీశారు. టైరు మీద కప్పి, లోపలి కొక్కెం ముందు, బయటిది తర్వాత పెట్టారు. కొక్కెం మొన రబ్బరుకు గుచ్చుకోకుండా బయటివైపు ఉందో లేదో వేలితో తడిమి మరీ చూశారు. రెండో చక్రం నా చేతే వేయించారు. గంటకు 30 మైళ్లు దాటొద్దని, కాస్త దూరం పోయాక ఆపి మళ్లీ బిగించమని చెప్పారు. ఆపి చూస్తే నిజంగానే ఒకవైపు వదులైంది! మీరు చెప్పకపోతే నాకు తట్టేదే కాదు.

పేరు అడిగేలోపే వెళ్లిపోయారు. అన్నా, మీ మేలు మరువలేం. పాప చేతులకు మీరు తొడిగిన గ్లవ్స్ మా దగ్గరే ఉన్నాయి. ఇది చూస్తే ఒక్క మాట చెప్పండి, తెచ్చిస్తాం.